"మీ ఇండియన్లకి ఎన్‌ఐ మాఫీ అంట కదా" అనేవాళ్ళకి ఏం చెప్పాలి?

ఎంకే_మామూలోడు

నేను మిల్టన్ కీన్స్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉంటున్నాను, స్పాన్సర్ చేసింది ఇక్కడి కంపెనీయే. ఇండియా-యూకే ట్రేడ్ డీల్ గొడవ మొదలైనప్పటి నుంచి మా టీంలో ఒకాయన "మీకు నేషనల్ ఇన్సూరెన్స్ లేదంట కదా, లక్కీ" అని సగం జోక్‌గా, సగం సీరియస్‌గా అంటూనే ఉన్నాడు. నా పేస్లిప్‌లో ప్రతి నెలా ఆ ఎన్‌ఐ (పెన్షన్ లాంటి వాటి కోసం జీతంలోంచి పోయేది) కట్ అవుతోంది, ఆ మాటే చెప్పినా "అది కాదులే" అని దాటేస్తాడు. మనిషి చెడ్డవాడు కాదు, నా కారు ఆగిపోయిన రోజు ఇంటి దాకా దింపాడు కూడా.

ఇంతకుముందైతే నవ్వి వదిలేసేవాణ్ణి. ఇప్పుడు ఎలక్షన్ ప్రచారంలో కూడా ఇదే ధోరణి వినిపిస్తుంటే కొంచెం టెన్షన్‌గా ఉంది. ఒకళ్ళు ఐఎల్ఆర్ (శాశ్వత నివాస హక్కు) తీసేస్తాం అంటారు, ఇంకొకళ్ళు దానికి పదేళ్ళు ఆగేలా చేస్తాం అంటారు, మనవాళ్ళు నమ్ముకున్న లేబర్ కూడా అదే దారిలో ఉంది. అసలు ఆ మాఫీ ఎవరికి? ఇది రేసిజమా, తెలియనితనమా? వీసా మీద ఉన్నా మనకి ఓటు ఉంటుందని ఒక ఫ్రెండ్ అంటున్నాడు, అది నిజమేనా? వాదించడానికి కాదు, నాకే క్లారిటీ కావాలి.

పేరోల్_పిచ్చి

రోజూ చేసే పని ఇదే కాబట్టి మాఫీ సంగతి నేను చెప్తాను. అది మీకు కాదు. ఇండియాలో ఉన్న కంపెనీ తన ఉద్యోగిని కొంతకాలం ఇక్కడి ఆఫీసుకి పంపిస్తే, 2025 మేలో ప్రకటించిన ప్రకారం మూడేళ్ళ వరకు అతని పీఎఫ్ అక్కడే కడతారు, ఇక్కడ ఎన్‌ఐ కట్టక్కర్లేదు. రెండు చోట్లా కట్టే బాధ లేకుండా చేయడమే ఆ ఒప్పందం. ఇక్కడి కంపెనీ అక్కడికి పంపే బ్రిటిష్ ఉద్యోగికీ అదే రూలు. అంతకుముందు కూడా అలా వచ్చినవాళ్ళకి మొదటి 52 వారాలు ఎన్‌ఐ లేదు, కొత్తగా పెరిగింది ఆ గడువు. ఇన్‌కం ట్యాక్స్, హెల్త్ సర్‌ఛార్జ్ (వీసాతో పాటు వైద్యం కోసం కట్టే ఫీజు) వాళ్ళు కూడా కట్టాల్సిందే, పైగా ఆ కాలానికి ఇక్కడి స్టేట్ పెన్షన్ లెక్కలో ఏమీ చేరదు. మీలాగా ఇక్కడి పేరోల్ మీద ఉన్నవాళ్ళకి 12,570 పౌండ్లు దాటిన దగ్గర్నుంచి 50,270 దాకా 8 శాతం, ఆపైన 2 శాతం, పక్క సీటులో ఆయనకి ఎంతో మీకూ అంతే.

ఇలాంటి ఏర్పాట్లు బ్రిటన్‌కి యూరోపియన్ యూనియన్‌తో ఉన్నాయి, అమెరికాతో ఉన్నాయి, జపాన్‌తో ఉన్నాయి. వాటి మీద ఎవడూ ఎలక్షన్‌లో మైకు పట్టుకోలేదు.

అయితే అంత మంట ఎందుకు లేచిందో కూడా చూడాలి. 2024 ఎలక్షన్‌లో లేబర్ ఇన్‌కం ట్యాక్స్, ఎన్‌ఐ, వ్యాట్ పెంచం అని మాటిచ్చింది. గెలిచాక అక్టోబరు బడ్జెట్‌లో ఎంప్లాయర్ కట్టే ఎన్‌ఐని 13.8 నుంచి 15 శాతానికి పెంచింది, మొదలయ్యే పరిమితిని 9,100 నుంచి 5,000 పౌండ్లకి దించింది. "ఉద్యోగి జేబులోంచి కాదుగా" అని వాళ్ళ సమర్థన. అది 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది, చిన్న షాపుల వాళ్ళు, కేర్ హోమ్‌ల వాళ్ళు గగ్గోలు పెడుతున్న సమయం. సరిగ్గా మే మొదటి వారంలో ఇండియా డీల్ ప్రకటన. కన్సర్వేటివ్ నాయకురాలు కెమీ బేడెనాక్ దాన్ని "టూ టియర్" (మనిషికో రూలు) ట్యాక్స్ అంది, రిఫార్మ్ పార్టీ ఫరాజ్ కూడా అందుకున్నాడు. ఆ చర్చలు 2022లో మొదలుపెట్టింది కన్సర్వేటివ్ ప్రభుత్వమే అన్నది ఎవరికీ గుర్తు రాలేదు. కాబట్టి మీ టీంలో ఆయన దాన్ని టీవీలోంచి పట్టుకొచ్చాడు, సొంతంగా పుట్టించింది కాదు.

లెస్టర్_పెద్దాయన

బాబూ, మేము డాక్టర్లుగా వచ్చిన రోజుల నుంచీ ఇక్కడి ఎలక్షన్లు చూస్తున్నాను. నీ ప్రశ్నకి "రేసిజమా, తెలియనితనమా" అని రెండు గళ్ళు గీస్తే కుదరదు. తెలియనితనం జనానిది, దాన్ని వాడుకోవడం మాత్రం బాగా తెలిసినవాళ్ళ పని.

1964లో దేశమంతా లేబర్ వైపు తిరిగితే బర్మింగ్‌హామ్ పక్కనున్న స్మెథిక్‌లో మాత్రం కన్సర్వేటివ్ అభ్యర్థి పీటర్ గ్రిఫిత్స్ గెలిచాడు. పక్కింట్లోకి నల్లవాళ్ళు రావాలంటే లేబర్‌కి వెయ్యండి అనే నినాదం (అసలు మాట ఇంకా నీచం, ఇక్కడ రాయను) వీధుల్లో తిరిగింది, ఆయన దాన్ని ఖండించలేదు. నాలుగేళ్ళకి కన్సర్వేటివ్ ఎంపీ ఇనాక్ పవెల్ బర్మింగ్‌హామ్‌లో వలసల మీద విషం కక్కుతూ రక్తపు నదుల ప్రసంగం చేశాడు. ఆ పెద్దమనిషి 60ల మొదట్లో హెల్త్ మినిస్టర్, ఉపఖండం నుంచి మా సీనియర్లు ఎన్‌హెచ్‌ఎస్‌లో (ఇక్కడి ప్రభుత్వ వైద్య సర్వీసులో) చేరుతున్న రోజులవి. 1978లో కన్సర్వేటివ్ నాయకురాలు థాచర్ టీవీలో జనం వేరే సంస్కృతి వాళ్ళ మధ్య మునిగిపోతామేమోనని భయపడుతున్నారంది. మరుసటి ఏడాది వలసలంటే పడని నేషనల్ ఫ్రంట్ పార్టీ మూడొందల పైచిలుకు సీట్లలో నిలబడి ఒక్కటీ గెలవలేదు, థాచర్ ప్రధాని అయింది. 2005లో "వలసలకి పరిమితి పెట్టడం రేసిజం కాదు" అని కన్సర్వేటివ్‌ల పోస్టర్లు గోడల మీద కనిపించాయి. భాష నున్నబడుతూ వచ్చింది చూడు.

ట్యాక్స్ భయం కూడా అంతే పాతది. 1992లో "లేబర్ ట్యాక్స్ బాంబు" అని పోస్టర్లు, లేబర్ ఓడింది. అప్పటి నుంచి లేబర్‌కి ఆ భయం పోలేదు, ఎలక్షన్ వస్తే ముందు ట్యాక్స్ రేట్లు పెంచం అని ఒట్టు పెట్టుకుంటుంది. 2024లో అప్పటి కన్సర్వేటివ్ ప్రధాని సునాక్, లేబర్ వస్తే ప్రతి ఇంటి మీద రెండు వేల పౌండ్ల భారం అని డిబేట్‌లో పదే పదే అన్నాడు, ఆ అంకె నాలుగేళ్ళ మొత్తం అని చెప్పనే లేదు.

లేబర్ ప్రధానిగా స్టార్మర్ 2025 మేలో, వలసలు ఇలాగే ఉంటే మనది అపరిచితుల ద్వీపం అయిపోతుందేమో అన్నాడు. నెల తిరిగేసరికి ఆ మాట అనకుండా ఉండాల్సింది అన్నాడు. పాలసీ మాత్రం వెనక్కి తీసుకోలేదు.

క్రాయిడన్_కుర్రాడు

పెద్దాయన గారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నా, 1964 తీసుకొచ్చి ఇప్పటి ప్రతి మాటకీ అతికిస్తే మనం వాదన ఓడిపోతాం. 2023 జూన్‌తో ముగిసిన ఏడాదికి నెట్ మైగ్రేషన్ (వచ్చినవాళ్ళలోంచి వెళ్ళినవాళ్ళని తీసేస్తే మిగిలేది) 9 లక్షలు దాటింది. తగ్గిస్తాం తగ్గిస్తాం అని ఓట్లు అడిగిన పార్టీ పాలనలోనే. ఇళ్ళు కట్టరు, జీపీ (ఫ్యామిలీ డాక్టర్) అపాయింట్‌మెంట్ దొరకదు, అద్దె జీతంలో సగం మింగుతుంది, అలాంటప్పుడు ఎవరైనా అడుగుతారు కదా. అడిగినవాడల్లా రేసిస్ట్ అయితే ఐఎల్ఆర్ వచ్చిన మనవాళ్ళలో సగం మంది రేసిస్టులే, ఏరు దాటి తెప్ప తగలేసే బ్యాచ్ మన వాట్సాప్ గ్రూపుల్లోనే కావలసినంత మంది.

ఇంకో మాట. కేర్ వీసాలని (ముసలివాళ్ళని చూసుకునే కేర్ హోమ్ ఉద్యోగాల వీసాలని) లక్షలకి అమ్ముకున్నది ఎవరు? ఆ ఏజెంట్లలో మనవాళ్ళు లేరా? వచ్చాక పని లేదు, కంపెనీ లైసెన్స్ పోయింది, అరవై రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కో అన్నారు. ఆ వీసా తలుపు 2025 జులైలో బయటివాళ్ళకి మూసేశారంటే అందులో ఈ దందా పాత్ర కూడా ఉంది.

రేసిజం లేదనట్లేదు. 2024లో ఛానల్ 4 రహస్య కెమెరాలో క్లాక్టన్‌లో రిఫార్మ్ కోసం తిరిగే ఒకడు సునాక్‌ని ఏ బూతు మాట అన్నాడో అందరూ విన్నారు. అదే ఏడాది కన్సర్వేటివ్‌లకి కోటి పౌండ్లు ఇచ్చిన ఫ్రాంక్ హెస్టర్ నల్లజాతి ఎంపీ డయాన్ ఆబట్ గురించి అన్న మాటలు బయటికొచ్చాయి, సునాక్ అవి రేసిస్ట్ మాటలే అని ఒప్పుకుని డబ్బు మాత్రం ఉంచుకున్నాడు. అది రేసిజం అంటే. సంఖ్య తగ్గించమనడం దానితో కలపకండి.

లెక్కలు_చూద్దాం

సంఖ్య తగ్గించమనడం వేరు అన్నారు, ఒప్పుకుంటాను. కానీ మీరందరూ ట్యాక్స్ ఒక టాపిక్, ఇమిగ్రేషన్ ఇంకో టాపిక్ అన్నట్టు మాట్లాడుతున్నారు, నాకు రెండూ ఒకే ఖాతాలా కనిపిస్తాయి. ఓటరుకి కనిపించే ట్యాక్స్ పెంచం అని మాటిచ్చాక డబ్బు ఎక్కడి నుంచో రావాలి. ఓటు లేదనుకునేవాడి దగ్గర తీసుకోవడం అన్నిటికన్నా తేలిక.

2023 జులైలో టీచర్లకి, డాక్టర్లకి జీతాలు పెంచాల్సి వచ్చింది. ట్యాక్స్ పెంచను, అప్పు చేయను, వీసా ఫీజులూ హెల్త్ సర్‌ఛార్జీ పెంచుతా అన్నాడు సునాక్, ఆయనా వలస వచ్చిన కుటుంబంలోంచి వచ్చినవాడే. 624 పౌండ్లున్న సర్‌ఛార్జ్ 2024 ఫిబ్రవరిలో 1,035 అయింది. పిల్లలకి 776. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఐదేళ్ళ వీసాకి అప్లై చేస్తే 18,110 పౌండ్లు ముందే కట్టాలి, వీసా ఫీజు వేరే. అదే ఎన్‌హెచ్‌ఎస్ కోసం నెలనెలా ఇన్‌కం ట్యాక్స్, ఎన్‌ఐ రూపంలో మళ్ళీ కడతాం. బెనిఫిట్స్ మాత్రం వీసా మీదే రాసి ఉంటుంది, లేవని. ఎవరైనా పార్లమెంటులో ఈ రేటుకి ఇన్‌కం ట్యాక్స్ పెంచుతానంటే ప్రభుత్వం పడిపోతుంది. మన మీద వేస్తే పేపర్లో లోపలి పేజీ.

ఇక్కడివాళ్ళకీ ఇంకో రకంగా ఇదే జరుగుతోంది, అది వాళ్ళకి చెప్పండి. ఇన్‌కం ట్యాక్స్ మొదలయ్యే 12,570 పరిమితి 2021 నుంచి కదల్లేదు, ఇప్పుడు 2031 దాకా అలాగే ఉంచుతామన్నారు. జీతం ధరలతో పాటు పెరుగుతుంది, పరిమితి పెరగదు, రేటు మార్చకుండానే ఎక్కువ గుంజుతారు. మీ కొలీగ్ జేబు ఖాళీ అవుతున్నది దీనివల్ల, మన వల్ల కాదు.

రిఫార్మ్ వాళ్ళు 2024లో ఏం రాశారో చూడండి: అందరికీ పర్సనల్ అలవెన్స్ (ట్యాక్స్ పడని ఆదాయం) 20,000 చేస్తాం, విదేశీ ఉద్యోగిని పెట్టుకున్న కంపెనీ మీద 20 శాతం ఎన్‌ఐ వేస్తాం. ఒకే కాగితం మీద ఒకరికి తగ్గింపు, ఇంకొకరి మీద వడ్డింపు. దాదాపు 14 శాతం ఓట్లు వచ్చాయి, సీట్లు ఐదే అయినా మిగతా రెండు పార్టీలూ ఆ ఓట్ల వైపే చూస్తున్నాయి. లేబర్ 2025 నవంబరులో పెట్టిన ప్రతిపాదనలో ఐఎల్ఆర్‌కి మామూలుగా పదేళ్ళు, మూడేళ్ళ పాటు 50,270 సంపాదిస్తే ఐదేళ్ళు, 125,140 అయితే మూడేళ్ళే. ఆ అంకెలు ఎక్కడో చూసినట్టుందా? 40 శాతం, 45 శాతం ట్యాక్స్ మొదలయ్యే చోట్లే అవి. కేర్ వర్కర్‌కేమో పదిహేనేళ్ళు. అంటే ఈ ఊళ్ళో ఎవరు తొందరగా మనవాళ్ళవుతారో ట్యాక్స్ స్లాబు చెప్తుంది.

క్రాయిడన్_కుర్రాడు

ఎక్కువ కట్టేవాణ్ణి ముందు ఉంచుకుంటామనడం తప్పేంటక్కా? ఏ దేశమైనా అదే చేస్తుంది. తక్కువ జీతానికి వచ్చినవాళ్ళు జీవితకాలంలో కట్టేదానికన్నా ఖర్చే ఎక్కువని ఓబీఆర్ (ప్రభుత్వ బడ్జెట్ అంచనాలు వేసే స్వతంత్ర సంస్థ) లెక్కలు కూడా ఉన్నాయి.

లెక్కలు_చూద్దాం

అదే ఓబీఆర్ లెక్కలో సగటు జీతంతో పాతికేళ్ళకి వచ్చినవాడు ఇక్కడ పుట్టినవాడికన్నా ఎక్కువ మిగులుస్తాడని కూడా ఉంది తమ్ముడూ, చదువు ఖర్చు వేరే దేశం పెట్టింది కాబట్టి. అది ఏ డిబేట్‌లోనూ రాదు. కేర్ హోమ్‌లో జీతం తక్కువగా ఉంచింది ఎవరు? కౌన్సిల్‌కి (ఇక్కడి మున్సిపాలిటీ లాంటిదానికి) డబ్బివ్వరు, కౌన్సిల్ కేర్ హోమ్‌కి సరిగా ఇవ్వదు, ఇక్కడివాళ్ళు ఆ జీతానికి రారు, బయట నుంచి తెస్తారు, తెచ్చాక "తక్కువ జీతగాడు, భారం" అంటారు. కౌన్సిల్ ట్యాక్స్ పెంచుతామని చెప్పి గెలిచినవాణ్ణి చూపించు.

పేరోల్_పిచ్చి

ఓటు సంగతి ఎవరూ చెప్పలేదు. ఉంది. ఇండియా కామన్‌వెల్త్ దేశం కాబట్టి, చెల్లుబాటయ్యే వీసా మీద ఇక్కడ ఉంటున్న 18 దాటిన ఇండియన్‌కి పార్లమెంటు ఎలక్షన్‌లో కూడా ఓటుంది. యూరప్ నుంచి వచ్చిన చాలామందికి ఆ ఓటు లేదు. ఆన్‌లైన్‌లో ఎన్‌ఐ నంబరుతో రిజిస్టర్ చేసుకోవాలి, పోలింగ్‌కి 12 వర్కింగ్ డేస్ ముందు గడువు అయిపోతుంది. ఐడీగా ఇండియన్ పాస్‌పోర్ట్ చాలు. మనవాళ్ళు చాలామంది క్రెడిట్ స్కోర్ పెరుగుతుందని ఎలక్టోరల్ రోల్‌లో చేరతారు, పోలింగ్ రోజు మాత్రం ఇంట్లో కూర్చుంటారు. లండన్‌లోని హెండన్ సీటులో 2024లో మెజారిటీ 15 ఓట్లు.

ఎంకే_మామూలోడు

అందరికీ థాంక్స్. పేస్లిప్ చూపించడం కంటే ఆ 12,570 సంగతి మాట్లాడటం నయం అనిపిస్తోంది, ఆయన కూడా పెంచని పరిమితి గురించే ఎప్పుడూ తిట్టుకుంటాడు. మా ఆవిడ డిపెండెంట్ వీసా మీద ఉంది, తనకీ ఓటుంటుందా? నేనైతే క్రెడిట్ స్కోర్ బ్యాచే, పేరు ఎక్కించి ఉంది.

పేరోల్_పిచ్చి

ఉంటుంది, డిపెండెంట్ అయినా స్టూడెంట్ అయినా. ఎన్‌ఐ నంబరు ఇంకా రాకపోయినా రిజిస్టర్ చేసుకోవచ్చు, కౌన్సిల్ వాళ్ళు వేరే ప్రూఫ్ అడుగుతారు.

క్రాయిడన్_కుర్రాడు

ఇద్దరూ వెయ్యండి. రిఫార్మ్‌కి మాత్రం వద్దు, అది నేను కూడా చెప్తున్నా.