ఇంటి పెరట్లో పిట్టలను చూడడానికి ఏ బైనాక్యులర్ మేలు?

ప్రశ్న (అనంతపురం):
మా పెరట్లోని వేపచెట్టుకూ దానిమ్మ మొక్కలకూ ఉదయం పూట పిగిలిపిట్టలు, తేనెపిట్టలు వస్తుంటాయి. కిటికీ దగ్గర కూర్చుని వాటిని చూడాలని మా నాన్నగారి కోరిక. ఆయన కళ్లజోడు పెట్టుకుంటారు, చేతులు కొద్దిగా వణుకుతాయి. 8×42 కొనాలా, 10×42 కొనాలా అన్నది దయచేసి చెప్పగలరు.

జవాబు (కర్నూలు):
నిస్సందేహంగా 8×42 తీసుకోండి. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందో, రెండోది ముందు కటకం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. 42ను 8తో భాగిస్తే కంటికి చేరే కాంతి వలయం 5.25 మి.మీ. వస్తుంది, 10తో భాగిస్తే 4.2 మాత్రమే, కనుక తెల్లవారుతున్నప్పుడు, ఆకుల నీడలో మొదటిదే వెలుగుగా చూపుతుంది. పైగా పది రెట్లలో చేతి వణుకు కూడా అంతే పెద్దదవుతుంది, నిలకడలేని తేనెపిట్టను వెతికి పట్టుకోవడం కష్టమవుతుంది. రోళ్లపాడు గడ్డిమైదానంలో దూరపు పక్షులను చూసేవారికైతే 10×42 నప్పుతుంది.

జవాబు (కడప):
పై మాటతో ఏకీభవిస్తున్నాను, కానీ కళ్లజోడు విషయం ఇంకా ముఖ్యం. ఐ రిలీఫ్ (పూర్తి దృశ్యం కనిపించేలా కంటికీ కంటివైపు కటకానికీ మధ్య ఉండగల దూరం) కనీసం 16 మి.మీ. ఉన్నదాన్నే ఎంచుకుని, కంటివైపు కటకాల చుట్టూ ఉండే కప్పులను లోపలికి తిప్పి చూడమనండి. లేకపోతే దృశ్యం అంచులు కనిపించవు. పెరటి కోసం కాబట్టి రెండు మీటర్ల దగ్గరి పిట్టపైనా ఫోకస్ కుదురుతుందో లేదో దుకాణంలోనే పరీక్షించండి. కిటికీ అద్దం గుండా చూస్తే బొమ్మ మసకబారుతుంది గనుక రెక్క తెరిచి, మోచేతులు బల్లపై ఆనించి చూడడం మంచిది.