చెన్నై బడుల్లో మన పిల్లలకు తమిళం తప్పనిసరి: కోర్టుకెక్కడం సబబేనా?

పెరంబూరు తెలుగు మాస్టారు:
తిట్టేవాళ్ళు తిట్టండి, చెప్పేస్తున్నాను. తమిళనాడు బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసిన 2006 తమిళ అభ్యాస చట్టం మీద మనవాళ్ళు ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు పదో తరగతి మైనారిటీ భాషల పిల్లలకు ఆ ఏడాదికి తమిళ పరీక్ష నుంచి మినహాయింపు ఇచ్చింది. సంతోషమే. కానీ ఇలా పొడిగింపులు అడుక్కుంటూ ఎన్నాళ్ళు? ఈ ఊళ్ళోనే బతకబోయే పిల్లకు తమిళం చదవడం, రాయడం రాకపోతే నష్టం ఎవరికి? తెలంగాణ 2018లో బడుల్లో తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం తెస్తే చప్పట్లు కొట్టాం. అక్కడ చదివే పరభాషా పిల్లల కోసం మనలో ఒక్కరైనా నోరు విప్పారా?

తెలుగుకు ఎసరు పెడుతున్నది తమిళం కాదు. తెలుగు టీచరు రిటైరైతే ఆ పోస్టు అలా ఖాళీగా పడి ఉంటోంది. ఇక ప్లస్ వన్‌కి, అంటే పదకొండో తరగతికి వచ్చేసరికి మార్కుల కోసం ఫ్రెంచ్ వైపు పరిగెత్తేది కూడా మనమే.

అంబత్తూరు అమ్మ:
మాస్టారూ, చెప్పడానికి బాగానే ఉంటుంది. మా చిన్నోడు మొన్న కోడి బొమ్మ కింద ‘గోడి’ అని రాశాడు. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం, వాడు ముందు నేర్చుకున్నది అదే. తమిళం తప్పనిసరి చేసి తెలుగును ఐచ్ఛికంగా పెడితే పరీక్ష ముందు రోజు కూడా ఆ పుస్తకం తెరవరు. పిల్లల్ని నేను ఎరుగుదును కదా!

మైలాపూర్ కుర్రాడు:
రచయిత కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగే. రాసింది తమిళంలో. 1991లో సాహిత్య అకాడమీ అవార్డు కూడా వచ్చింది. తమిళులు ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. భాష మారితే మనిషి మాయమైపోడండీ.

అంబత్తూరు అమ్మ:
ఆయన మనవాళ్ళ కథలే రాశారు బాబూ. వాటిని తెలుగులో చదవాలంటే అనువాదం కోసం వెతుక్కోవాలి. నా బాధ అదే.

హోసూరు రైతుబిడ్డ:
మీరంతా చెన్నైకి వలస వచ్చినవాళ్ళ లెక్కలో మాట్లాడుతున్నారు. మేం ఎక్కడి నుంచీ రాలేదు. రాష్ట్రాలు విడదీసినప్పుడు మా ఊళ్ళు ఇటు పడ్డాయి, అంతే. తాతల నాటి నుంచి తెలుగులో చదువుకున్న ఊరికి ‘ఇక్కడ బతకాలి కాబట్టి’ అనే న్యాయం ఎలా చెల్లుతుంది మాస్టారూ?

పెరంబూరు తెలుగు మాస్టారు:
తమ్ముడూ, మీ సంగతి వేరే. నేను మాట్లాడుతున్నది చెన్నై గురించి. సరిహద్దులో తెలుగు మీడియం బళ్ళు ఉండాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కోర్టు ఖర్చు పెట్టేదేదో ఖాళీ పోస్టుల భర్తీ కోసం పెడదాం అంటున్నాను. తమిళ పరీక్ష తప్పించినంత మాత్రాన తెలుగు వచ్చేస్తుందా? మినహాయింపు తెచ్చుకున్న పిల్లల్లోనూ ఒత్తులు సరిగ్గా రాయలేనివాళ్ళు నా క్లాసులో ఉన్నారు. చిన్నోడికి రోజూ కాసేపు డిక్టేషన్ పెట్టండమ్మా, ఆ క, గ గొడవ తేలిగ్గానే పోతుంది.

అంబత్తూరు అమ్మ:
చిన్నోడి సంగతి నేను చూసుకుంటాను. పెద్దదానికి వచ్చే మార్చిలో పదో తరగతి పరీక్షలు, టెన్షన్ అంతా దాని గురించే. వాళ్ళ బడిలో తెలుగు టీచరు పోయినేడే రిటైరయ్యారు. మీరు చెప్పే ఆ భర్తీ అయ్యేలోపు దానికి పాఠం చెప్పేదెవరు?