స్లో ఫీడర్ గిన్నె పెట్టాక అసలు తినడమే మానేసింది, ఏం చేయాలి?

వేకువచుక్క (మధ్యాహ్నం 2:10)
పొద్దున ఆరింటి నుంచి ఇదే పని, ఇప్పుడు రెండు దాటింది. మా బుజ్జి తిండి కనిపిస్తే చాలు, ఊపిరి తీసుకోకుండా మింగేస్తుంది. పది నిమిషాల్లో అంతా నేల మీద ఉంటుంది. పోయిన వారం నాలుగుసార్లు ఇలాగే అయింది. స్లో ఫీడర్ గిన్నె పెడితే తగ్గుతుందని ఎవరో చెబితే తెప్పించాను. లోపల చిక్కుదారిలాగా గోడలున్న రకం. అది పెట్టినప్పటి నుంచి వాసన చూడడం, చుట్టూ తిరగడం, నా మొహం చూసి అరవడమే తప్ప మూతి పెట్టలేదు. చోటు మార్చి చూశా, నీళ్లు కలిపి చూశా, వేలితో తీసి నాకించి చూశా. ఎన్ని రోజులు ఆకలితో ఉంచితే అలవాటు పడుతుంది? దయచేసి ఎవరైనా చెప్పండి, నాకు ఏడుపొస్తోంది.

నాలుగడుగులు (2:24)
అమ్మా, ముందు గిన్నె సంగతి పక్కన పెట్టండి. ఆత్రంగా తినే కుక్కల విషయంలో నన్ను భయపెట్టేది వాంతి కాదు, కడుపు ఉబ్బి మెలిపడడం. డాక్టర్లు జీడీవీ అంటారు. కడుపు గాలితో నిండి మెలితిరుగుతుంది, రక్తం ఆడదు, గంటల్లో ప్రాణం పోతుంది. గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ లాంటి ఛాతీ లోతున్న పెద్ద జాతుల్లో ఎక్కువ. రోజు మొత్తం తిండీ ఒకే పూట పెట్టడం, గబగబా తినడం ఈ ముప్పును పెంచుతాయి. వాంతికి ప్రయత్నిస్తున్నా ఏమీ రాకపోయినా, పొట్ట డోలులా బిగుసుకున్నా, చొంగ కారుస్తూ ఒకచోట నిలవలేకపోయినా అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నేను ఒక కుక్కను ఇలాగే పోగొట్టుకున్నాను. అందుకే ఈ మాట ఎక్కడ వచ్చినా చెబుతాను.

పొడిమాట (2:26)
కుక్కా, పిల్లా? వయసు? ఏ తిండి?

స్టీలుగిన్నె (2:41)
ఆ గిన్నె ప్లాస్టిక్‌దేనా? అయితే ముందు దాన్ని తీసేయండి. ప్లాస్టిక్ మీద కంటికి కనిపించని గీతలు పడతాయి, ఆ గీతల్లో జిడ్డు చేరుతుంది, జిడ్డులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. కొన్ని పిల్లులకు గడ్డం కింద నల్లటి చుక్కలు, మొటిమలు వస్తాయి చూడండి, అలాంటప్పుడు డాక్టర్లు గిన్నె మార్చి స్టీలుదో పింగాణీదో పెట్టమంటారు. మామూలు గిన్నెకే ఇంత కథ ఉంటే, ఇన్ని గాడులున్న గిన్నెను రోజూ ఎలా కడుగుతారు? స్పాంజి లోపలికి దూరదు. పాత టూత్‌బ్రష్ ఒకటి దానికోసమే పెట్టుకోవాలి. ప్రతి పూటా కడగాలి. చాలామంది ఉదయం పెట్టిన గిన్నెలోనే రాత్రి కూడా పెట్టేస్తారు, నాకు చాలా బాధనిపిస్తుంది.

పదకోశం (2:55)
అందరూ వాంతి వాంతి అంటున్నారు. అది వాంతేనా అని ఎవరూ అడగలేదు. పొట్ట ఎగదన్నుతూ, డోకుతూ బయటకు వస్తే వాంతి. సగం అరిగిన తిండో, పసుపు నీళ్లో, నురగో ఉంటుంది. అలాంటి ప్రయాస ఏమీ లేకుండా, తల వంచగానే తిన్నది తిన్నట్టే, ఒక్కోసారి గొట్టం ఆకారంలో జారిపడితే దాన్ని కక్కడం అనాలి. రెంటికీ కారణాలు వేరు, డాక్టరు చేసే పరీక్షలూ వేరు.

నాలుగడుగులు (3:01)
మన భాషలో కక్కడమన్నా వాంతన్నా ఒకటేనండీ. మా ఇంట్లో అందరూ రెంటికీ కక్కడమనే అంటారు.

పదకోశం (3:04)
మాట ఏదైనా వాడుకోండి. డాక్టరు దగ్గర మాత్రం "పొట్ట కదిలిందా లేదా" చెప్పండి. ఫోన్‌లో వీడియో తీసి చూపిస్తే ఇంకా మంచిది. కడుపు వరకూ చేరకుండా గొంతు కింది గొట్టం నుంచే పదేపదే వెనక్కి వస్తుంటే, ఆ గొట్టం సాగిపోయిన జబ్బు కూడా కావచ్చు. దాన్ని ఏ గిన్నే బాగు చేయదు.

వేకువచుక్క (3:12)
అయ్యో, పిల్లి అండీ. నా పేరు పక్కన బొమ్మలో ఉంది కదా, అందరికీ తెలుస్తుందనుకున్నా. పర్షియన్, మూడేళ్లు, ఆడది. వెట్ ఫుడ్ పెడతాను, మెత్తటి ముద్దలాంటిది. పొట్ట ఎగదన్నడం నేనైతే చూడలేదు, తిన్నది తిన్నట్టే వస్తుంది. గిన్నె ప్లాస్టిక్‌దే. ఇంకా తినలేదు.

పొడిమాట (3:13)
పాత గిన్నెలో పెట్టండి. ఇప్పుడే.

రెండుపిల్లులు (3:20)
అక్కా, ఆయన చెప్పింది నిజం. ఆకలేస్తే అదే తింటుందిలే అనే లెక్క పిల్లులకు పనికిరాదు. పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వంతా కాలేయానికి చేరి పెద్ద జబ్బవుతుంది, లావుగా ఉన్న పిల్లులకు మరీ ప్రమాదం. ఒక రోజంతా ముట్టకపోతే డాక్టరుకు ఫోన్ చేయాలి. అలవాటు కోసం ఎప్పుడూ పస్తు పెట్టకండి.

ఇక గిన్నె సంగతి. పర్షియన్‌కు మొహం చదును, దవడ పొట్టి. లోతైన సన్నటి గాడిలోకి దాని నోరు అందదు. మూతి ముందుకు పొడుచుకొచ్చిన కుక్కల కోసం చేసిన గిన్నె అయ్యుంటుంది మీది. అందులో ముద్ద తిండి అంటుకుపోతే నాలుకకు కూడా రాదు. తినాలని ఉన్నా తినలేక మీ మొహం చూసి అరుస్తోంది, మొండితనం కాదు. పగ్, షీట్జూ లాంటి చిన్న కుక్కలకూ ఇదే ఇబ్బంది. వీటికి గోడలు పొట్టిగా, మధ్య ఖాళీ వెడల్పుగా ఉన్న లోతులేని గిన్నె కావాలి.

ముద్ద తిండికి లిక్ మ్యాట్ మేలు, చిన్న బుడిపెలున్న మెత్తటి సిలికాన్ చాప. అదీ లేకపోతే వెడల్పాటి పళ్లెంలో చెంచాతో పల్చగా పూయండి. ఖర్చు లేదు, కడగడం సులువు. నా రెండింటికీ ఏడాదిగా అలాగే పెడుతున్నాను.

స్టీలుగిన్నె (3:31)
పళ్లెం స్టీలుదైతే ఇంకా మంచిది.

నాలుగడుగులు (3:36)
పొడి తిండి అయితే గిన్నెలో ఒక పెద్ద బంతి పెట్టినా చాలు, దాని చుట్టూ ఏరుకుని తింటుంది. నోట్లో పట్టనంత పెద్దదై ఉండాలి, మింగేస్తే ఇంకో ప్రమాదం. నేను కుక్క అనుకుని చెప్పినదంతా మీకు పనికిరాదు కానీ, కుక్కలున్నవాళ్లు చదువుతారని అలాగే ఉంచుతున్నాను.

వేకువచుక్క (3:48)
పాత గిన్నెలో పెట్టగానే తినేసింది. చింటూ వచ్చేలోపే మొత్తం ఖాళీ. మళ్లీ అంతే వేగం. ఇప్పుడు కక్కుతుందేమోనని కూర్చుని చూస్తున్నా, ఒకటే టెన్షన్.

పొడిమాట (3:49)
చింటూ ఎవరు?

వేకువచుక్క (3:53)
మా కుక్కపిల్ల. పొమరేనియన్. రెండు నెలలైంది తెచ్చి. ఇద్దరికీ వంటింట్లోనే పక్కపక్కన పెడతాను. వాడిది అయిపోగానే దీని గిన్నె మీదికి వస్తాడు. ఒక్కోసారి ఇది కూడా వాడిది తింటుంది. అయినా వీళ్లిద్దరూ కొట్టుకోరు.

రెండుపిల్లులు (4:05)
అక్కా, ఇది మొదటే చెప్పాల్సింది. ఈ మింగడం ఎప్పటి నుంచి? చింటూ వచ్చినప్పటి నుంచేనా?

కొట్టుకోకపోతే భయం లేదని కాదు. పిల్లి సహజంగా ఒంటరిగా తినే జంతువు. ఎలుకలు పట్టుకుని బతికే పిల్లి రోజంతా కొంచెం కొంచెంగా, ఏడెనిమిదిసార్లకు పైగానే తింటుంది. ఒక ఎలుకలో ఉండేది సుమారు 30 కేలరీలే మరి. అలాంటిదాన్ని రెండు పూటలా పెద్ద ముద్ద ముందు కూర్చోబెట్టి, పక్కన ఇంకొకరిని నిలబెడితే, ఉన్నది పోతుందన్న కంగారులో మింగుతుంది. ఈ కంగారుకు గిన్నె మందు కాదు. పైగా స్లో ఫీడర్‌తో ఇంకో చిక్కుంది. తినడానికి ఎక్కువసేపు పడితే చింటూ ముందే ముగించి మీద పడతాడు, దానికి కంగారు రెట్టింపవుతుంది.

వేరే గదిలో, తలుపు వేసి, ఒకరికొకరు కనపడకుండా పెట్టండి. అదే తిండిని నాలుగు పూటలు చేయండి, మొత్తం పెంచకండి. వారం చూడండి. అప్పటికీ కక్కుతుంటే డాక్టరుకు చూపించాలి. ఎంత తిన్నా బరువు తగ్గుతుంటే వారం కూడా ఆగొద్దు. నులిపురుగులు, షుగరు, వయసు మళ్లిన పిల్లుల్లో థైరాయిడ్ కూడా ఆకలిని పెంచుతాయి.

నాలుగడుగులు (4:14)
పిల్లి కుక్క తిండి తినడం మంచిది కాదు.

పదకోశం (4:17)
ఒక్కోసారి తింటే ఏమీ కాదు.

నాలుగడుగులు (4:21)
ఒక్కోసారి అని మొదలై అలవాటవుతుంది. పిల్లికి టారిన్ అనే పోషకం తిండి నుంచే అందాలి, దాని ఒళ్లు సరిపడా తయారు చేసుకోలేదు. అది లోపిస్తే గుండె కండరం సాగిపోయి బలహీనమవుతుందని 1987లో అమెరికా పశువైద్యుడు పాల్ పయన్ బృందం తేల్చింది. ఆ తర్వాతే పిల్లుల తిండిలో టారిన్ పెంచారు. కుక్క తిండిలో అది ఉండి తీరాలన్న నియమం లేదు.

పదకోశం (4:26)
అది రోజూ కుక్క తిండి మీదే బతికే పిల్లి సంగతి. చింటూ గిన్నెలో రెండు మెతుకులు ముట్టినదానికి గుండెజబ్బు అని భయపెట్టడం న్యాయం కాదు, ఆమె ఇప్పటికే కంగారులో ఉన్నారు.

నాలుగడుగులు (4:29)
భయపెట్టడం కాదండీ, జాగ్రత్త చెప్పడం. రెండు మెతుకులని ఆమె అనలేదు కదా.

స్టీలుగిన్నె (4:40)
ఆ ప్లాస్టిక్ గిన్నె చింటూకి పెడదామనుకుంటారేమో. వాడు పళ్లు వచ్చే వయసులో ఉంటే అంచులు కొరుకుతాడు, ముక్కలు మింగుతాడు. కావాలంటే మీరు ఎదురుగా ఉన్నంతసేపే పెట్టి, తినగానే తీసేయండి. మొదట్లో గాడుల పైపైనే కొంచెం వేసి, దారి తెలిశాక లోపలికి వేయండి.

వేకువచుక్క (రాత్రి 9:35)
మధ్యాహ్నం తిన్నది కక్కలేదు. రాత్రి పడకగదిలో తలుపు వేసి పళ్లెంలో పూసి పెట్టా, పావుగంట సేపు నాకుతూ తింది. చింటూ బయట గోల చేశాడు, అయినా తలెత్తి చూసి మళ్లీ తింది. అవును, వాడు వచ్చాకే మొదలైంది, ఇప్పుడు లెక్క వేస్తే తెలిసింది. అందరికీ థాంక్స్.

చిరుగంట (రాత్రి 11:02)
మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. లిక్ మ్యాట్ అన్నారు కదా, మాది ఏడాది వయసు పగ్, తిండి అయిపోగానే మ్యాట్‌నే పీకి నములుతోంది. నేలకు అతుక్కునే రకం తెచ్చినా ఊడదీస్తోంది. ఎవరికైనా ఇలా అయిందా?