సర్వే ఆర్కైవ్‌లో ఇండెక్స్ ఫైళ్లు ఉంచాలా, తీసేయాలా?

డిస్క్‌నిండింది:
మాది మల్టీబీమ్ (ఒకేసారి చాలా ధ్వని బీములు పంపి సముద్రపు అడుగు లోతు కొలిచే సోనార్) డేటా ఆర్కైవ్. ఆ డేటాతో మ్యాపులు చేసే ఎంబీ-సిస్టమ్ సాఫ్ట్‌వేర్ వాడతాం. ప్రతి సర్వే లైను ఫైలు పక్కనా మూడు పిల్ల ఫైళ్లు, అంటే ఇండెక్స్‌లు: హద్దులు, గణాంకాలు ఉండే ఐఎన్‌ఎఫ్, లోతుల ఎఫ్‌బీటీ, నావిగేషన్‌ది ఎఫ్‌ఎన్‌వీ. మూడూ అసలు డేటాలోంచి పుట్టినవే. ఎంబీ-సిస్టమ్‌లోని ఎంబీడేటాలిస్ట్ ప్రోగ్రాం నడిపితే మళ్లీ వస్తాయి. ముడి డేటా ఉంచి మిగతావన్నీ, సర్వే ఫైళ్ల జాబితా ఉండే డేటాలిస్ట్‌తో సహా, తీసేద్దామంటాను. ఏమంటారు?

ఉప్పుగాలి:
ఐఎన్‌ఎఫ్‌లు తీసేసి ఒకసారి గ్రిడ్ (లోతులన్నీ గళ్లలో పరిచిన మ్యాప్) చేసి చూడండి, తెలుస్తుంది. గ్రిడ్ చేసే ప్రోగ్రాం ఎంబీగ్రిడ్ ముందు వాటిలోని అక్షాంశ రేఖాంశాలు చూసుకుని, మనకి కావలసిన ప్రాంతంలో లేని ఫైలుని తెరవకుండానే వదిలేస్తుంది. అవి లేకపోతే అన్నిటినీ తెరిచి చదవాల్సిందే. టీ తాగొచ్చేలోపు అయ్యే పనికి రాత్రంతా కూర్చోవాలి.

డిస్క్‌నిండింది:
పాతబడిన ఇండెక్స్‌తో వేగంగా తప్పు మ్యాప్ వస్తే ఏం లాభమండీ? ఒక లైనులో నావిగేషన్ తప్పుంది. సరిచేసిన ఫైలుని బ్యాకప్ నుంచి తెచ్చి అదే పేరుతో పెట్టాం. దాని తేదీ పాతది, పక్కనున్న ఐఎన్‌ఎఫ్ తేదీ కొత్తది. ఎంబీడేటాలిస్ట్‌లో -ఓ ఆప్షన్ పోల్చేది తేదీలనే కాబట్టి ఆ ఐఎన్‌ఎఫ్‌ని ముట్టుకోలేదు. అందులోని పాత హద్దులు చూసి ఎంబీగ్రిడ్ ఆ లైనుని వదిలేసింది. మ్యాప్‌లో నిలువునా తెల్ల చార! అక్కడ సర్వేనే చెయ్యలేదేమో అని రెండు రోజులు లాగ్ షీట్లు తిరగేశాం.

ఉప్పుగాలి:
-ఎన్ పెట్టి ఉంటే తేదీలతో పని లేకుండా అన్నీ కొత్తగా రాసేది. ఆ తప్పు ఇండెక్స్‌ది కాదు.

గోదారిగట్టు:
పిల్ల ఫైళ్ల గురించి మీరిద్దరూ ఎంతైనా కొట్టుకోండి, పోతే మళ్లీ వస్తాయి. డేటాలిస్ట్‌ని మాత్రం ఆ గంపలో వేయకండి. అది మనిషి రాసేది. ఒక్కో వరుసలో ఫైలు పేరు, 58 లాంటి ఫార్మాట్ నంబరు, వెయిట్. ఒకే చోట రెండు సర్వేలుంటే దేన్ని ఎక్కువ నమ్మాలో చెప్పేది ఆ వెయిటే. మా లిస్టులో ఒక లైను ముందు # పెట్టి, పైన "అలలు ఎక్కువ, అంచు బీములు చెత్త" అని ఎవరో రాసి ఉంచారు. కొత్తగా చేరిన కుర్రాడు ఫోల్డర్లో ఉన్న ఫైళ్లన్నిటితో లిస్ట్ మళ్లీ తయారు చేశాడు. ఆ చెత్త లైను లోపలికొచ్చి, చదునైన అడుగు మీద దువ్వెన పళ్లలా గీతలు పడ్డాయి. వాడిని తిట్టి ఏం లాభం? పాత లిస్ట్ వాడికెవరూ చూపించలేదు.

డిస్క్‌నిండింది:
ఇది నాకు తట్టలేదండీ. నిజానికి డేటాలిస్ట్ నాలుగైదు కేబీ ఉంటుంది, డిస్క్ నిండేది దానివల్ల కాదు. సరే, అది ఉంచుతాను, మార్పుల చరిత్రతో సహా. ఐఎన్‌ఎఫ్, ఎఫ్‌బీటీ, ఎఫ్‌ఎన్‌వీ మాత్రం ఆర్కైవ్‌లోకి రానివ్వను. కావాలన్నవాళ్లు తమ కాపీలో తయారు చేసుకుంటారు.

గోదారిగట్టు:
లిస్టులో ఫైళ్ల దారులు కూడా ఒకసారి చూడండి. డిస్క్ పేరుతో సహా రాసి ఉంటే కొత్త సర్వర్‌లో ఒక్క వరుసా పని చెయ్యదు. లిస్ట్ ఉన్న ఫోల్డర్ నుంచి రాస్తే ఎక్కడికి మార్చినా నడుస్తుంది.

ఉప్పుగాలి:
మీ ఇష్టం. గ్రిడ్ సాయంత్రానికి కావాలని ఎవరైనా ఫోన్ చేస్తే మాత్రం మీ నంబరే ఇస్తాను.