వాన రాకడ సరే, మంచు రాకడ? ఆ 'క' ఎటుపక్కది?

వేకువచుక్క:
అందరికీ నమస్కారం. మూడు రోజులుగా ఒక మాట నన్ను వదలడం లేదు. మేముండే చోట ఈ శనివారం మంచు పడుతుందని ఒక యాప్ చెబుతోంది, మంచు కాదు వానేనని ఇంకో యాప్. గురువారం రాత్రి ఇరవై సెంటీమీటర్లు అంది. తెల్లారేసరికి మూడు. మధ్యాహ్నానికి మళ్ళీ పన్నెండు. ఆరు గంటలకోసారి కొత్త లెక్క వస్తోంది, దాని కోసం ఇంటిల్లిపాదీ ఫోన్ చుట్టూ చేరుతున్నాం. ఆ టెన్షన్‌లో నోటికొచ్చింది: "వాన రాకడ, ప్రాణం పోకడ..." అక్కడే ఆగిపోయాను.
మా అమ్మమ్మ దీన్ని మూడు ముక్కలుగా అనేది. మూడోది కూడా 'కడ'తోనే ముగిసేది, ఆ తర్వాతే "ఎవరికెరుక" అనేది. ఆ మూడో ముక్క ఎవరికైనా తెలుసా? మంచుకి కూడా 'రాకడ' అనొచ్చా?

పాతపుస్తకాలు:
నేను విన్నది రెండు ముక్కలే. తోక మాత్రం మనిషికో రకం: "ఎవరికెరుక", "ఎవరూ చెప్పలేరు", వట్టి "తెలియదు". మూడో ముక్క మీ అమ్మమ్మగారు సొంతంగా చేర్చుకున్నదేమో, నేనైతే వినలేదు. మంచుకి రాకడ వాడటంలో తప్పేముందండీ? వచ్చే వేళ తెలియని దేనికైనా రాకడ నప్పుతుంది. రాకడ అంటేనే వచ్చే వేళ.

సంధివిగ్రహం:
వేళ అని ఎలా తేల్చారు? అందులో ఉన్నది 'కడ'. కడ అంటే చోటు. ఏ + కడ ఎక్కడ అయింది, ఆ + కడ అక్కడ అయింది, త్రికసంధి. రాకడ అంటే వచ్చే చోటు, పోకడ అంటే పోయే చోటు. వాన ఎక్కడ పడుతుందో తెలియదు, ప్రాణం ఎక్కడికి పోతుందో తెలియదు. ఇలా చదివితే సామెత ఎంత లోతుగా ఉందో చూడండి.
మంచు విషయంలోనూ అసలు సమస్య చోటే. 2015 జనవరి చివర్లో న్యూయార్క్‌లో రెండడుగులూ ఆ పైనా పడుతుందన్నారు, మెట్రో రైళ్ళు కూడా ఆపేశారు. తుపాను అనుకున్నదానికన్నా కాస్త తూర్పుగా జరిగింది. సెంట్రల్ పార్క్‌లో కొలిస్తే 9.8 అంగుళాలు. అదే తుపాను బోస్టన్ మీద రెండడుగులు కురిసింది. వేళ సరిగ్గానే చెప్పారు, చోటే తప్పింది.

ప్రత్యయం:
సంధివిగ్రహం గారూ, న్యూయార్క్ సంగతి నిజమే, వ్యుత్పత్తితో మాత్రం ఏకీభవించలేను. నిలకడలో చోటేదీ? మనుగడలో చోటేదీ? ఎత్తుగడలో? ఇవన్నీ క్రియకు -కడ చేరి ఏర్పడ్డ నామాలు. మను, ఎత్తు లాంటి ఉకారాంతాల మీద ఆ 'క' కాస్తా 'గ' అయింది, అంతే. ఈ -కడ ప్రత్యయం, 'ఎక్కడ'లోది విడి మాట. రెండూ ఒకేలా వినబడుతున్నాయని ఒకటే అనలేం.

సంధివిగ్రహం:
ప్రత్యయాలు మాత్రం ఆకాశంలోంచి ఊడిపడతాయా? విడి మాటలే అరిగి అరిగి ప్రత్యయాలవుతాయి. 'ఉనికి' చూడండి. ఉండటం అనీ ఉండే చోటు అనీ రెండర్థాలూ ఇప్పటికీ ఉన్నాయి.

పాతపుస్తకాలు:
ఇద్దరూ ఒకటి దాటేశారు. 'రాక', 'పోక' అప్పటికే నామాలు, రాకపోకలు అంటాం కదా. అలాంటప్పుడు ఆ క 'రాక'దా, 'కడ'దా? రాక + డ అంటే మిగిలిన ఒంటి డ ఏమిటో ఎవరైనా చెప్పాలి. రా + కడ అంటే పక్కనే ఉన్న 'రాక'ను ఏం చేయాలో చెప్పాలి. నాకు ఇరవై ఏళ్ళుగా ఉన్న అనుమానం ఇది.

ప్రత్యయం:
రా + కడ. 'నిలక' అనే నామం లేదు కాబట్టి నిలకడలో క ప్రత్యయానిదే. రాకడలోనూ అంతే.

సంధివిగ్రహం:
నిలకడ గురించి చెప్పారు. రాకడకి అది సాక్ష్యం ఎలా అవుతుంది? నిలకడను చూసి రాకడను తేల్చడం అంటే పక్కూరి థర్మామీటర్ చూసి మన వాకిట్లో మంచు నిలుస్తుందని చెప్పడమే.

మేఘమాల:
నేను భాషావేత్తను కాను, కానీ మంచు సూచనలు ఏళ్ళ తరబడి రాత్రిళ్ళు మేల్కొని చూస్తున్నదాన్ని. వేళా చోటూ కాకుండా మూడో అర్థం ఉంది, తీరు. 'కొత్త పోకడలు' అంటాం, అంటే పోయే తీరు. మంచు సూచనలో జనం ఎక్కువగా దెబ్బతినేది తీరు దగ్గరే.
నేల మీద సున్నా డిగ్రీలున్నా, కిలోమీటరున్నర ఎత్తులో పలచటి వెచ్చని పొర ఒకటి ఉంటే చాలు, కథ మారిపోతుంది. పైనుంచి మంచుగా బయల్దేరింది ఆ పొరలో కరుగుతుంది. కింద చలిగాలి మందంగా ఉంటే మళ్ళీ గడ్డకట్టి గింజల్లా రాలుతుంది. పలచగా ఉంటే నీళ్ళుగానే దిగి, కొమ్మను తాకగానే గాజులా బిగుసుకుంటుంది. ఆ పొర ఒక్క డిగ్రీ అటూ ఇటూ అయితే ఇరవై సెంటీమీటర్లు మూడవుతాయి. వేకువచుక్క గారి యాప్‌లు కొట్టుకుంటున్నది దీని మీదే అయ్యుండాలి.
ఆ సెంటీమీటర్లలో కూడా ఒక ఊహ దాగి ఉంటుంది. పది మిల్లీమీటర్ల నీరు పది సెంటీమీటర్ల మంచు అవుతుందని చాలా యాప్‌లు ఒకటికి పది చొప్పున లెక్క కట్టేస్తాయి. తడిమంచైతే అయిదు సెంటీమీటర్లే రావచ్చు, బాగా చలిలో పడే పొడిమంచైతే ఇరవై దాటొచ్చు. నీరు సరిగ్గా చెప్పి, మంచు తప్పు చెప్పడం ఇలాగే జరుగుతుంది.

పాతపుస్తకాలు:
మేఘమాల గారూ, చాలా బాగా చెప్పారు. అయినా వేళను అంత తేలిగ్గా వదులుకోను. రాకడ అనే మాట ఇవాళ నిండుగా బతికున్నది తెలుగు బైబిల్ చదివేవాళ్ళ నోట. మత్తయి సువార్త 24వ అధ్యాయం తీయండి. క్రీస్తు రాకడ గురించి చెబుతూ, ఆ దినమూ ఆ గడియా ఎవరికీ తెలియవని 36వ వచనం. వానకైనా ప్రభువుకైనా రాకడ అంటే తెలియని గడియే.

మేఘమాల:
అదే అధ్యాయం 27వ వచనం కూడా చూడండి. మెరుపు తూర్పున పుట్టి పడమటి దాకా ఎలా కనబడుతుందో రాకడ అలా ఉంటుందని. 37లో నోవహు దినాల పోలిక, మళ్ళీ 'అలాగే'. ఇది తీరే కదండీ.

పాతపుస్తకాలు:
27 నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను. మెరుపు పోలిక రావడం ఇంకా బాగుంది.

శీతశైలం:
ఆలస్యంగా వచ్చాను. మంచుకి రాకడ అనొచ్చా అన్నది అసలు ప్రశ్న, దాన్ని అందరూ వదిలేశారు. మనకు మంచు అనే మాట ఒకటే. గడ్డి మీది బిందువూ మంచే, తెల్లారి కమ్మే పొగా మంచే, కొండ మీద పేరుకున్నదీ మంచే. 'మంచు కురుస్తోంది' అంటే చాలామంది తెలుగువాళ్ళకు కళ్ళ ముందు కదిలేది పొగమంచే. సంస్కృతంలో వేటికవే విడివిడిగా ఉన్నాయి.

ప్రత్యయం:
విడివిడిగా లేవండీ. "అవశ్యాయస్తు నీహారస్తుషారస్తుహినం హిమం, ప్రాలేయం మిహికా చ." అమరకోశంలో అమరుడు ఏడింటినీ ఒకే గంపలో వేశాడు. విడిగా తీసింది ఆ వెంటనే వచ్చే ఒక్కదాన్నే, "హిమానీ హిమసంహతిః". పేరుకున్న మంచు హిమాని. పత్రికలు హిమపాతం హిమపాతం అంటాయి గానీ నేల మీద కొలిచేదానికి మాటే వాడవు. దానికి హిమాని చక్కగా సరిపోతుంది.

శీతశైలం:
హిమానిని మర్చిపోయాను, ధన్యవాదాలు. నేను చెప్పాలనుకున్నది పెద్దన మనుచరిత్ర దగ్గరికి పోతుంది, ఓపిక పట్టండి. "అటఁజని కాంచె" పద్యం మీ అందరికీ నోటికి వచ్చేదే. ఆ చంపకమాలలో మంచు కోసం వెతకండి. సెలయేళ్ళు ఉన్నాయి, అలల మృదంగం ఉంది, పింఛం విప్పిన నెమళ్ళున్నాయి, తొండంతో చెట్లను ఊపే ఏనుగులున్నాయి. హిమాలయాన్ని చూపిస్తూ మంచును చూపించలేదు. చిట్టచివర ఒక్క 'శీత', అదీ కొండ పేరులో. చిన్నప్పుడు ఇది నాకు లోటుగా అనిపించేది.
తర్వాత అర్థమైంది. పెద్దన మంచును దాచుకున్నాడు. ప్రవరుడిని అక్కడికి చేర్చిన కాలి పసరును మంచునీట కరిగించడానికి దాచుకున్నాడు. ఆ కథకు మంచు పడటంతో పని లేదు, కరగడంతోనే పని. అక్కడ పసరు నిలిచుంటే వరూధిని లేదు, స్వారోచిషుడు లేడు, మనుచరిత్రే లేదు. ఆ చోటికి వచ్చినప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మేఘమాల:
శీతశైలం గారూ, మీరు తెలిసి అన్నారో తెలియక అన్నారో గానీ, సూచన చెప్పేవాళ్ళకు చివరి చిక్కు సరిగ్గా అదే. పడటం వేరు, నిలవడం వేరు. అంతకుముందు రోజులు వెచ్చగా ఉండి నేల వేడిగా ఉంటే గంటసేపు ఒత్తుగా పడ్డా తారు రోడ్డు నల్లగానే ఉంటుంది, పక్కన గడ్డి మాత్రం తెల్లబడుతుంది. అంటే మంచుకు రాకడ ఒక్కటే తెలిస్తే చాలదు. నిలకడ తెలియాలి.

పాతపుస్తకాలు:
ఆగండి. నిలకడ! వేకువచుక్క గారి మూడో ముక్క అదేనేమో. "వాన రాకడ, ప్రాణం పోకడ, మనసు నిలకడ ఎవరికెరుక." ఇది నా ఊహేనండీ, ఎక్కడా చదవలేదు. కానీ నడక చూడండి, కడ కడ కడ.

సంధివిగ్రహం:
ఊహ బాగుంది, నడక కూడా. కానీ నిలకడ వస్తే ప్రత్యయం గారి వాదం బలపడుతుంది, అందుకని నేను ఒప్పుకోవడానికి ఇంకొంచెం సాక్ష్యం కావాలి.

కొత్తచిగురు:
చదువుతూ కూర్చున్నాను, ఒక చిన్న సందేహం. 'పడుతుంది' అంటే రేపు పడబోతుందనా, ఏటా పడుతూ ఉంటుందనా? తెలుగులో రెండింటికీ రూపం ఒకటే. యాప్ '40 శాతం' అంటుంది. మా ఇంట్లో నాన్నగారికి దాన్ని ఏమని చెప్పాలో తెలియడం లేదు. పడొచ్చు అనాలా, పడేట్టుంది అనాలా?

మేఘమాల:
40 శాతం అంటే 'పడొచ్చు' అనండి. 'పడేట్టుంది' అనాలంటే చెప్పేవాళ్ళు ఆకాశాన్నో గాలినో చూసి ఉండాలి. ఆ మాటలో సాక్ష్యం చూసిన ధీమా ఉంది. 40 శాతం అంటే ఊళ్ళో 40 శాతం చోట అనీ కాదు, రోజులో 40 శాతం సేపు అనీ కాదు. ఇలాంటి సూచన పదిసార్లు ఇస్తే నాలుగుసార్లు పడాలి, ఆరుసార్లు పడకూడదు. ఆ ఆరులో ఒకటి వచ్చినప్పుడు జనం 'తప్పు చెప్పారు' అంటారు, నాకు బాధేస్తుంది.
ఈ శాతాలు ఊరికే రావు. యూరప్ వాతావరణ సూచనల కేంద్రం వాళ్ళు 1992 నుంచీ ఒకే రోజును చాలాసార్లు లెక్క కడుతున్నారు, ఇప్పుడు 51 సార్లు. లెక్క మొదలుపెట్టే ఉష్ణోగ్రత, గాలి కొలతలను ఇసుమంత మార్చి 50 సార్లు, మార్చకుండా ఒకసారి. ఆ 51లో ఎన్నింట మంచు పడిందో చూసి శాతం చెబుతారు. నాలుగు రోజుల ముందు గీతలన్నీ విడిపోయిన జడలా ఉంటాయి, దగ్గరపడే కొద్దీ ఒక్క పాయలోకి వస్తాయి. వేకువచుక్క గారూ, మీ యాప్ చూపించే ఒక్క అంకె ఆ జడలో ఒక వెంట్రుక. దాని వెంట పరుగెత్తకండి.

ప్రత్యయం:
వెదర్ ఫోర్‌కాస్ట్‌కి 'సూచన' అన్నవాళ్ళకు దండం పెట్టాలి. సూచన అంటే సైగ. జరుగుతుందని మాట ఇవ్వదు, ఇటు చూడమంటుంది. 'అంచనా'లో కొలత ఉంది, 'జోస్యం'లో మాట ఇవ్వడం ఉంది. ఆ వెంట్రుకకు అంచనా అనండి, మొత్తం జడకు సూచన అనండి.

పాతపుస్తకాలు:
దీని మీద విడిగా రాయాలి మీరు. 'ఉత్తర చూసి ఎత్తర గంప', అంటే ఉత్తర కార్తెలోనూ వాన పడకపోతే గంప ఎత్తుకుని ఊరు విడవమనే సామెతలో కూడా ఉన్నది సూచనే. అది కార్తెను చూసి చెప్పింది కాదు, నేలను చూసి చెప్పింది.

సంధివిగ్రహం:
అది కార్తెను చూసి చెప్పిందే. ఉత్తర దాకా ఆగి చూడమని కదా. కానీ అటు వెళ్ళొద్దు, రాకడలో క సంగతి ఇంకా తేలలేదు.

వేకువచుక్క:
అందరికీ ధన్యవాదాలు. ఇంత వస్తుందని అనుకోలేదు. 'నిలకడ' అనుకుని కళ్ళు మూసుకుని అమ్మమ్మ గొంతుతో పదిసార్లు అనుకున్నాను. దగ్గరగా ఉంది, కానీ ఎక్కడో ఒక అక్షరం తగులుతోంది. ఆ మాట మొదట్లో పెదవులు కలిసేవి, 'మ'తో మొదలైనట్టు. ప్రత్యయం గారు 'మనుగడ' అన్నప్పుడు గుండె ఒక్కసారి ఆగింది. వాన రాకడ, ప్రాణం పోకడ, మనిషి మనుగడ? కానీ నాకు గుర్తున్నది కడ, గడ కాదు. ఆరేళ్ళ పిల్లకు క, గ తేడా వినబడి ఉంటుందా?

ప్రత్యయం:
వినబడుతుందండీ. ఆ వయసులో చెవికి అంతా వినబడుతుంది, గుర్తుంచుకునేటప్పుడే మారుతుంది. పక్కన రాకడ, పోకడ రెండూ కడలే కాబట్టి మూడోదాన్ని కూడా మీ జ్ఞాపకం కడ చేసి ఉండొచ్చు. మీ అమ్మగారు ఉంటే అడగండి, కానీ మీరు విన్నది ముందు చెప్పకండి. చెబితే ఆవిడ కూడా అదే అంటారు.

వేకువచుక్క:
అమ్మను పొద్దున్నే అడుగుతాను, ఏమీ చెప్పకుండా.
ఇప్పుడు ఇక్కడ అర్ధరాత్రి దాటింది. పిల్లలు కిటికీ దగ్గరే నిద్రపోయారు. అయిదు నిమిషాలుగా ఏదో పడుతోంది. అద్దం మీద టిక్ టిక్‌మని చప్పుడు, అంటే మంచు కాదు. వీధి దీపం కింద చూస్తే ఎగిరెగిరి పడుతోంది, అంటే వానా కాదు. మేఘమాల గారూ, ఇవి మీరు చెప్పిన గింజలేనా? వీటిని తెలుగులో ఏమంటారు?

మేఘమాల:
ఆ గింజలే. పైన వెచ్చని పొర ఇంకా ఉందన్నమాట. చప్పుడు ఆగిందంటే పొర తొలగినట్టు, అప్పుడు లేచి చూడండి. పేరు మాత్రం నాకు తెలియదు. వడగళ్ళు అనకూడదు, అవి ఉరుము మేఘాల్లో పుట్టేవి.

సంధివిగ్రహం:
మంచురవ్వ అంటే ఎలా ఉంటుంది?

ప్రత్యయం:
రవ్వా, రవ్వలా?