‘సీజర్ భార్య అనుమానాలకు అతీతంగా ఉండాలి’ - ఇక్కడ ‘అతీతం’ సరిపోతుందా?

నిన్న ఒకరు అడిగారు కదా, సంపాదకీయాల్లో తరచూ కనబడే ఈ వాక్యానికి అర్థమేంటి, సీజర్ భార్య అంత పతివ్రతా అని. కామెంట్లలో చాలామంది అవునన్నారు. కాదండీ, అది ఆవిడని మెచ్చుకుంటూ అన్న మాట కాదు, ఆవిడకి విడాకులు ఎందుకిచ్చావని అడిగితే సీజర్ చెప్పిన జవాబు.

సంగతి క్రీ.పూ. 62 డిసెంబరుది. సీజర్ అప్పటికింకా రోముని ఏలేవాడేం కాదు, ప్రధాన పురోహితుడు, పైగా ప్రేటర్, అంటే పెద్ద న్యాయాధికారి పదవిలో ఉన్నాడు. ‘బోనా డియా’, అంటే మంచి దేవత, ఆవిడ పూజ ఆ ఏడాది అతనింట్లో. ఆడవాళ్లు మాత్రమే చేసుకునే పూజ, ఇంటి యజమాని కూడా బయటికి పోవాల్సిందే. (ఈ దేవత గుడిలో ద్రాక్షసారాని ‘పాలు’ అనేవాళ్లట, అది పోసే పాత్రని ‘తేనెకుండ’ అనేవాళ్లట. దాని మీద ఇంకో పోస్టు పెట్టుకోవచ్చు.) ఆ రాత్రి క్లోడియస్ అనే కుర్ర నాయకుడు వాయిద్యం వాయించే అమ్మాయి వేషంలో లోపల దూరాడు, సీజర్ భార్య పాంపెయా కోసమే వచ్చాడని ఊరంతా అనుకుంది. పనిపిల్ల ఒకతె పలకరిస్తే నోరు తెరిచాడు, గొంతు పట్టించేసింది. సీజర్ తల్లి ఆరేలియా పూజ ఆపించి, తలుపులు వేయించి, దివిటీలతో ఇల్లంతా గాలించి పట్టుకుంది. వేషం వేసినవాడు గొంతు సంగతి మర్చిపోయాడన్నమాట!

మరుసటి ఏడాది క్లోడియస్ మీద విచారణ. సీజర్ తల్లీ, తోబుట్టువు జూలియా ఉన్నదున్నట్టు చెప్పారు, సీజర్ మాత్రం నాకేం తెలియదన్నాడు. మరి భార్యని ఎందుకు వదిలేశావంటే అప్పుడొచ్చింది ఈ మాట. సీజర్ జీవితకథ రాసిన ప్లుటార్క్ గ్రీకులో రాసినదాన్ని తెలుగులో పెడితే ‘నా భార్య మీద అనుమానం కూడా రాకూడదనుకున్నాను’ అని వస్తుంది. బరువంతా ఆ ‘కూడా’ మీదే ఉంది.

మన ‘అతీతం’లో ఆ ‘కూడా’ ఎగిరిపోయింది. ‘చట్టానికి ఎవరూ అతీతులు కారు’ అంటాం, అంటే చట్టం అంటనివాళ్లు ఎవరూ లేరని. అదే లెక్కన ‘అనుమానాలకు అతీతురాలు’ అంటే ఆవిడని ఎవరూ అనుమానించడానికి వీల్లేదని అర్థమొస్తుంది, అసలు మాటకి పూర్తిగా ఎదురు. నా ఓటు ‘వేలెత్తి చూపే అవకాశం కూడా ఇవ్వకూడదు’కి. కాస్త పొడుగే, కానీ చదవగానే అర్థమవుతుంది.

పాంపెయా మీద పడ్డదాన్ని ‘నీలాపనింద’ అనొచ్చా అని ఇంకొకరు అడిగారు. అది తప్పు చేయనివాళ్ల మీద పడే నింద, ఆవిడ తప్పు చేసిందో లేదో తేలనేలేదు కాబట్టి నేనైతే వాడను. పైగా చవితి కథలో కృష్ణుడు నింద పోగొట్టుకోడానికి అడవికెళ్లి శమంతకమణి వెతికి తెచ్చాడు, సీజర్ వెతికే పనే పెట్టుకోలేదు. క్లోడియస్ 31-25 ఓట్లతో బయటపడ్డాడు, జూరీ డబ్బు తిందని అప్పటి పేరున్న వక్త సిసెరో మండిపడ్డాడు. ఇల్లు వదిలింది పాంపెయా ఒక్కతే.

ఇంకో తమాషా, సీజర్ కథే రాసిన ఇంకో రచయిత సూటోనియస్ లాటిన్‌లో రాసినప్పుడు ‘భార్య’ అన్న మాటే లేదు. ‘మెయోస్’ అని ఉంది, అచ్చం మన ‘నావాళ్లు’. ‘నావాళ్లకి నేరమే కాదు, అనుమానం కూడా అంటకూడదు’ అని. నాకు ఇదే ఎక్కువ నమ్మబుద్ధేస్తుంది, ఎందుకంటే సీజర్‌కి నావాళ్లంటే రాజకీయ పెట్టుబడి. క్రీ.పూ. 59లో కూతురు జూలియాకి అప్పటికే కుదిరిన సంబంధం తెంపేసి పాంపే అనే పెద్ద సేనానికి ఇచ్చి చేశాడు, అల్లుడు మామకన్నా ఆరేళ్లు పెద్ద. అదే ఏడాది తాను పైసో అనే నాయకుడి కూతురు కల్పూర్నియాని చేసుకున్నాడు, మరుసటి ఏడాది పైసో కాన్సల్, అంటే రోములో అందరికన్నా పెద్ద పదవిలోని ఇద్దరిలో ఒకడు, అయ్యాడు.

కాబట్టి మన మంత్రుల బంధువుల గురించి రాసేవాళ్లు సూటోనియస్ మాట వాడుకోండి, భార్యల్ని వదిలేయండి. అంటే వాక్యంలోంచి.