వీడ్కోలు సభలో మాట తడబడిన అమ్మాయిని మూడు వారాలుగా ఏడిపిస్తున్నారు. ఏం చెయ్యాలి?

గుణుపురం అక్క:

అందరికీ నమస్కారం. రాయగడ జిల్లా గుణుపురంలో ఒక కార్యాలయంలో పనిచేస్తున్నాను. మా విభాగంలో కొత్తగా చేరిన అమ్మాయి గురించి అడుగుతున్నాను. ఇంట్లో తెలుగు, బడిలో మొదటినుంచీ ఒడియా. రెండూ గలగలా మాట్లాడుతుంది. గొంతు బాగుంటుందని ఏ సభ జరిగినా మైకు ఆమె చేతికే ఇస్తారు.

మొన్న మా బొడొబాబు పదవీ విరమణ చేశారు. ఇటువైపు పెద్ద గుమాస్తాను అలాగే పిలుస్తాం. వేదిక మీద ఆయనా, ఆయన భార్యా, మా అధికారీ కూర్చున్నారు. బల్ల మీద బంతిపూల దండలు, ఇస్త్రీ మడత విప్పని శాలువా, పళ్ళెంలో కొబ్బరికాయ. "ఇప్పుడు మన బొడొబాబుకు బిదాయ సంబర్ధనా", అంటే వీడ్కోలు సత్కారం, అని ప్రకటించాల్సిన చోట ఆ అమ్మాయి నోటివెంట "శ్రద్ధాంజలి" అని వచ్చింది. మైకులో, హాలంతా వినేలా. ఆ మరుక్షణమే దిద్దుకుంది. ఆయన వైపు తిరిగి చేతులు జోడించింది. ఆయన ఎంత పెద్దమనిషంటే, "ఇంకా పింఛను కాగితాలే రాలేదమ్మా, అప్పుడే పంపించెయ్యకు" అని నవ్వేశారు. ఆయన భార్య ముఖం మాత్రం చిన్నబోయింది.

అక్కడితో అయిపోవాల్సిన విషయం. ఎవరో ఫోనులో తీసి వాట్సాప్‌లో పెట్టారు. ఇప్పుడు ఆ పిల్లకు "శ్రద్ధాంజలి మేడం" అని పేరు పడింది. "తెలుగువాళ్ళ ఒడియా ఇంతే" అని ఒకరు. "సెలవు ఇవ్వలేదని ఆయన మీద కోపం, మనసులో ఉన్నదే బయటపడింది" అని ఇంకొకరు. ఈ రెండో మాటకు నాకు కడుపు మండిపోయింది. ఆ అమ్మాయికి నోట్ షీట్ రాయడం నేర్పింది ఆ బొడొబాబే. ఆయనంటే ఆమెకు తండ్రితో సమానం.

ఇప్పుడు మైకు ముట్టుకోవడం లేదు. సమావేశాల్లో నోరు విప్పడం లేదు. ఫోను మోగితే పక్కవాళ్ళకు అందిస్తోంది. నిజంగా మాట తడబడితే మనసులో ఉన్నది బయటపడినట్టేనా? ఆమెకు ఏం చెప్పాలి?

బరంపురం మాష్టారు:

అమ్మా, భాషాశాస్త్రం పాఠం చెప్పి విరమించినవాణ్ణి. జవాబు చెప్పే ముందు ఒక్క సంగతి తెలియాలి. ఈ వీడ్కోలు సభకు కాస్త ముందు మీ కార్యాలయంలో సంతాప సభ ఏదైనా జరిగిందా?

గుణుపురం అక్క:

జరిగింది మాష్టారూ! సరిగ్గా వారం ముందు మా డ్రైవరు ఒకాయన గుండెపోటుతో పోయారు. అదే హాలు, అదే బల్ల, అవే బంతిపూలు. మైకు పట్టుకున్నదీ ఈ అమ్మాయే. మీరు అడిగేదాకా నాకు తట్టనే లేదు.

బరంపురం మాష్టారు:

అనుకున్నాను. ఇక ఆ అమ్మాయి మనసును ఎవరూ తవ్వనక్కర్లేదు.

మనం ఒక మాట పలకాలనుకున్నప్పుడు దాని ఇరుగుపొరుగు మాటలు కూడా లోపల లేస్తాయి. ఒకే సందర్భానికి చెందినవీ, ఒకే వరుసవీ, ఈ మధ్యనే వాడినవీ మరింత తొందరగా లేస్తాయి. సంబర్ధనా, శ్రద్ధాంజలి రెండూ ఒక మనిషిని సాగనంపే సభలో, దండ చేత్తో పట్టుకుని చెప్పేవే. రెండోది వారం కిందటే ఆ చోటే ఆమె నోట నలిగింది. సెకనుకు రెండు మూడు మాటల చొప్పున పలికే నోరు ఆ హడావిడిలో దగ్గరున్నదాన్ని అందుకుంది. వెయ్యి మాటలకు ఒకటో రెండో ఇలా తప్పడం ఎవరికైనా మామూలే.

మనసులో దాగిన కోరికే ఇలా బయటపడుతుందన్న వాదాన్ని 1901లో వియన్నా వైద్యుడు ఫ్రాయిడ్ ప్రచారంలోకి తెచ్చాడు. ఆయన చూపిన ఉదాహరణల్లో ఒకటి ప్రసిద్ధం. ఆస్ట్రియా పార్లమెంటు దిగువ సభ అధ్యక్షుడు సమావేశం ప్రారంభమైందని చెప్పబోయి ముగిసిందని ప్రకటించాడు. ఆ సమావేశం ఆయనకు ఇష్టం లేదు కాబట్టే అలా వచ్చిందని ఫ్రాయిడ్ అన్నాడు. ఆ ఉదంతాన్ని వెలుగులోకి తెచ్చిన భాషావేత్త మెరింగర్ అంతకు ముందే, 1895లో, కార్ల్ మేయర్ అనే ఆయనతో కలిసి ఇలాంటి తడబాట్లను పోగుచేసి అచ్చువేశాడు. వ్యతిరేకార్థాలున్న మాటలు మనసులో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఒకదానికి బదులు ఒకటి వస్తాయని ఆయన వివరణ. నేను మెరింగర్ పక్షమే. ఫ్రాయిడ్ పద్ధతిలో ఏ తడబాటుకైనా ఏదో ఒక దురుద్దేశం అంటగట్టవచ్చు, అది తప్పని నిరూపించే దారి ఉండదు. మీ కార్యాలయంలో జరుగుతున్నదీ అదే.

ఇక "తెలుగువాళ్ళ ఒడియా" అన్న మాట శుద్ధ అన్యాయం. భాష రానివాడు తప్పు పలికితే అది తప్పని వాడికి తెలియదు, దిద్దుకోలేడు. ఈ అమ్మాయి మరుక్షణమే దిద్దుకుంది. పైగా తడబాటుకు కూడా వ్యాకరణం ఉంటుంది. అమెరికాలో విక్టోరియా ఫ్రామ్‌కిన్ అనే ఆవిడ 1971లో ఈ సంగతే గట్టిగా చూపించింది. మన ఇంట్లో గమనించండి. "కాఫీలో చక్కెర వేశావా" అనబోయి "చక్కెరలో కాఫీ వేశావా" అంటాం. మాటలు తారుమారయ్యాయి, "లో" మాత్రం తన చోటు వదల్లేదు. మీ అమ్మాయి విషయంలోనూ నామవాచకం స్థానంలో నామవాచకమే వచ్చింది, వాక్యం చెక్కుచెదరలేదు. భాష బాగా వచ్చినవాళ్ళ తడబాటు ఇలాగే ఉంటుంది.

పర్లాకిమిడి నర్సు:

అక్కా, మాది ఆసుపత్రి. మా దగ్గర మాట తడబడితే నవ్వడానికి తీరిక ఉండదు. డోపమిన్, డోబుటమిన్ రెండూ గుండె జబ్బు రోగులకు వాడే మందులే, పేర్లు వింటే అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. అందుకే డాక్టరు నోటితో చెప్పిన మందును రాసుకుని, పేరూ మోతాదూ తిరిగి చదివి వినిపిస్తాం. ఆయన అవునన్నాకే ముందుకు వెళ్తాం. ఎంత అనుభవం ఉన్నవాళ్ళయినా తడబడతారని ముందే ఒప్పుకున్న పద్ధతి అది. ఎవరినీ చిన్నబుచ్చదు.

ఇంకో మాట. మా వార్డులో కొత్త పిల్లలు సీనియర్ సిస్టర్‌ను "అమ్మా" అనబోయి "అత్తా" అనేస్తారు, డాక్టరును "నాన్నా" అని పిలిచి నాలుక కరుచుకుంటారు. 2016లో అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్ళు పేర్లు మార్చి పిలవడం గురించి ఒక పరిశోధన ప్రకటించారు. ఇంట్లోవాళ్ళను ఇంట్లోవాళ్ళ పేర్లతోనే, స్నేహితులను స్నేహితుల పేర్లతోనే మార్చి పిలుస్తారట. పెంపుడు కుక్క పేరు కూడా ఇంటివాళ్ళ వరుసలోనే వస్తుందట. మనకు దగ్గరైనవాళ్ళంతా మనసులో ఒకే గదిలో ఉంటారన్నమాట. మీ అమ్మాయికి ఆ బొడొబాబు అంటే అభిమానం అన్నారు కదా, ఆయన భార్యకు ఈ మాట మీరే స్వయంగా వెళ్ళి చెప్పండి. ఆవిడ మనసు కుదుటపడితే సగం బరువు దిగుతుంది.

రాయగడ కుర్రాడు:

మరీ ఇంత పెద్ద విషయం చేస్తున్నారేమో అక్కా. ఆ క్షణంలో ఎవరికైనా నవ్వు వస్తుంది కదా.

గుణుపురం అక్క:

ఆ క్షణంలో నేనూ నవ్వాను తమ్ముడూ, ఆయనా నవ్వారు. అది వేరు. మూడు వారాల తర్వాత ఇరవై మూడేళ్ళ పిల్ల భోజనం డబ్బా విప్పుతుంటే వెనకనుంచి "శ్రద్ధాంజలి" అని అరవడం వేరు. దాన్ని నవ్వు అనను.

మాష్టారూ, చెల్లీ, మీ ఇద్దరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. వీడియో తీసెయ్యమని అధికారిని ఈరోజే అడుగుతాను. ఆదివారం బొడొబాబు ఇంటికి ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్తాను. ఒక్క సందేహం: వచ్చే నెల ఇంకో సభ ఉంది. మైకు మళ్ళీ ఇస్తే మొత్తం కాగితం మీద రాసుకుని చదవమనాలా?

బరంపురం మాష్టారు:

వద్దమ్మా. మొత్తం చదివితే ఆ గొంతులో జీవం పోతుంది. ఒక అట్టముక్క మీద మూడే మూడు రాయించండి: సభ పేరు, ముఖ్య అతిథి పేరు, ఆ రోజు చేస్తున్న పని. తెలుగు లిపిలోనో ఒడియా లిపిలోనో, ఏది ముందు కంటికి ఆనితే అందులో, పెద్ద అక్షరాలతో. సభకు ముందు ఖాళీ హాలులో మైకు దగ్గర నిలబడి ఆ మొదటి వాక్యాన్ని పైకి నాలుగైదుసార్లు పలకనివ్వండి. కొత్త మాట నోట ఆడితే పాతది వెనక్కి తగ్గుతుంది. మైకు మాత్రం ఇంకెవరికీ ఇవ్వకండి.